నీరుగంటి మనవడి లదాఖ్ ప్రయాణం

జూన్ 3, లేహ్

విమానం దిగుతుంటే కిటికీలోంచి ఒక్క చెట్టు కనబడలేదు. కాల్చిన ఇటుక రంగు కొండలు, వాటి మధ్య బూడిద రంగు సింధు నది, అక్కడక్కడ ఆకుపచ్చ ముక్కలు. ఆ ముక్కల అంచులే విచిత్రం. పచ్చదనం మెల్లగా పలచబడి పోవడం లేదు, ఒక గీత దగ్గర టక్కున ఆగిపోతోంది. గీతకు ఇవతల పైరు, అవతల రాయి. "ఎవరో రంగులు వేస్తూ మధ్యలో అన్నానికి లేచి వెళ్లినట్టుంది" అంది మా ఆవిడ.

ఆ గీత ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. మా తాత నీరుగంటి. తెలంగాణలో నీరటి అంటారు, అదే పని. కదిరి పక్కన మా ఊరి చెరువు తూము ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు పారాలో చూడడం ఆయన వంతు. జీతం లేదు, పంట నూర్చినప్పుడు కళ్లంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు. కాలువ పోయిన గీతను పైనుంచి గుర్తుపట్టడానికి ఆయన మనవడికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఈ మనవడు తూము ముట్టుకోకుండా బ్యాంకులో 34 ఏళ్లు పనిచేసి, రైతులకు బోర్లు వేసుకోమని అప్పులిచ్చి రిటైరయ్యాడు. అది వేరే కథ.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది. మెట్లు ఎక్కితే గుండె చెవిలో కొట్టుకుంటుంది. రెండు రోజులు ఎక్కువ తిరగవద్దన్నారు. ఇక్కడ వాన, మంచు కలిపి ఏడాదికి 100 మిల్లీమీటర్లు. మా పాత అనంతపురం జిల్లాలో సగటున 550 దాకా పడుతుంది. కరువులో మమ్మల్ని మించినవాళ్లు లేరని మాకొక గర్వం ఉండేది. అది మొదటి పూటే దిగిపోయింది.

అంత నీటి ఎద్దడి ఉన్న ఊళ్లో మా హోటల్ గదికి స్నానాల తొట్టి ఉంది, మనిషి పడుకునేంత పొడవు. నీళ్లెక్కడివని అడిగితే "బోరు" అన్నాడు యజమాని. ఎన్ని అడుగులు అనబోయి ఊరుకున్నాను. సెలవులో ఉన్నానని మా ఆవిడ గుర్తుచేసింది.

జూన్ 4, లేహ్ బజారు

సాయంత్రం మెల్లగా బజారుకు నడిచాం. కాలిబాట అంచున ఆడవాళ్లు వరసగా కూర్చుని పాలకూర, ముల్లంగి, ఎండు ఆప్రికాట్లు అమ్ముతున్నారు. పావుకిలో ఆప్రికాట్లకు 150 అన్నది ఒకావిడ. బేరం ఆడితే నవ్వి, గుప్పెడు తీసి మా ఆవిడ చేతిలో పోసింది కానీ ధర మాత్రం దించలేదు. ఆ పద్ధతి నాకు నచ్చింది. గింజ పారేయవద్దనీ, పగలగొడితే లోపల పప్పు ఉంటుందనీ చూపించింది. నూనె కూడా దాన్నుంచే తీస్తారు.

ఇక్కడి పాత ఇళ్ల గురించి టీ కొట్టు పెద్దాయన ఒక మాట చెప్పాడు. వెనకటికి నీళ్లు పారే నేలలో ఎవరూ ఇల్లు కట్టేవారు కాదట. ఇల్లు రాతి గుట్ట మీద, పొలం దాని కింద. నీరు ఎక్కని నేల మనిషికి, నీరు ఎక్కే నేల పైరుకు. అది విన్నాక మా హోటల్ మెట్లు దిగి చుట్టూ చూశాను. పక్కన బార్లీ చేను, దానికి ఆనుకుని పిల్ల కాలువ. ఆ చేలో సగం మీద మా హోటల్. 2011 లెక్కల్లో ఈ ఊరి జనాభా 30 వేల చిల్లర. లదాఖ్‌కు 2022లో వచ్చిన పర్యాటకులు 5 లక్షలు దాటారు. నేనూ మా ఆవిడా కలిస్తే ఇంకో ఇద్దరం.

నీళ్లు లేక బాధే కాదు, ఉన్నట్టుండి వచ్చినా బాధే. 2010 ఆగస్టు 5 రాత్రి ఇక్కడ కుండపోత కురిసింది. చెట్టూ గడ్డీ లేని కొండలు నీటిని పట్టుకోలేవు కదా, బురదతో సహా ఊరి మీదికి వదిలేశాయి. 200 మందికి పైగా పోయారు. టీ కొట్టు పెద్దాయన ఆ సంగతి చెప్పేటప్పుడు చేతిని నడుము దాకా ఎత్తి చూపించాడు, బురద అంత వచ్చిందని. ఇంకేమీ చెప్పలేదు.

జూన్ 5, నాంగ్

హిమానీనదం చూద్దామని బయలుదేరాం, అదీ మనిషి చేసినది. డ్రైవరు కుర్రాడు నుబ్రా వైపు వాడు, ఈ పక్క లోయలు తనకూ కొత్తే. చీలిక దగ్గర వాడు ఎడమ అన్నాడు, నేను కుడి అన్నాను, మా ఆవిడ ఎవరినైనా అడగమంది. ఎవరున్నారక్కడ! పదిహేను నిమిషాల తరవాత ఒక సైనిక శిబిరం గేటు ముందు తేలాం. కాపలా జవాను బండి వెనక్కి తిప్పమని సైగ చేశాడు. నేనూ మా ఆవిడా "నీ వల్లే", "నీ వల్లే" అనుకుంటుంటే జవాను మొహం మారిపోయింది.

"బాబాయ్ గారూ, మీరు తెలుగువాళ్లా?"

శ్రీకాకుళం జిల్లా కుర్రాడు. ఫొటోలు తీయవద్దని ముందే చెప్పి, మా ఆవిడను "పిన్నిగారూ, నీళ్లు ఎక్కువగా తాగండి, తలనొప్పి రాదు" అన్నాడు. చలికాలంలో మీకు నీళ్లెలా అని అడిగాను. "ట్యాంకులో నీళ్లు రాయి అయిపోతాయండి. బుఖారీ పొయ్యి మీద మంచు గడ్డలు పెట్టి కరిగించుకుంటాం. బిందె నిండా మంచు పెడితే అడుగున చెంబెడు నీళ్లు మిగులుతాయి" అన్నాడు. దారి కుడివైపేనట. మా ఆవిడ నా వైపు చూడలేదు.

నాంగ్ పైన లోయలోకి గంటన్నర నడిచాక కనిపించినవి గోడలు. మోకాలెత్తు రాతి గోడలు, వాగుకు అడ్డంగా, మెట్లు మెట్లుగా. మంచు పిసరంత లేదు. ఇంత దూరం వచ్చింది గోడలు చూడడానికా అన్నట్టు డ్రైవరు నా వైపు చూశాడు. అక్కడ గొర్రెలు కాస్తున్న ముసలాయన మా అవస్థ చూసి వచ్చి కూర్చున్నాడు. తాతను ఇక్కడ మెమే-లే అంటారు. చివర 'లే' మన 'గారు' లాంటిది. ఆయన హిందీ నా హిందీకి సరిజోడు.

సంగతి ఇది. విత్తనం పడేది ఏప్రిల్, మేలలో. అసలు హిమానీనదాలు ఎక్కడో 5,000 మీటర్ల పైన ఉంటాయి, అవి బాగా కరిగేసరికి జూన్ సగం దాటుతుంది. విత్తనానికి నీళ్లు కావలసినప్పుడు వాగు ఎండి ఉంటుంది. చలికాలంలో ఎవరికీ అక్కర్లేని నీరు మాత్రం వాగులో ఊరికే పోతుంటుంది. దాన్ని ఊరికి దగ్గరగా, కొండ నీడ పడే చోటికి మళ్లించి, గోడలతో నెమ్మదింపజేసి, పలచగా పరిచి గడ్డ కట్టిస్తారు. ఇది కింద ఉంటుంది కాబట్టి ఏప్రిల్‌లోనే కరుగుతుంది. మెమే-లే తన చెంబులో నీళ్లు కొద్దిగా బండ మీద ఒలకబోసి, ఆగి, మళ్లీ కొద్దిగా పోసి చూపించాడు. దోసె మీద దోసె పోసినట్టు.

ఈ పద్ధతి కనిపెట్టింది ఛేవాంగ్ నోర్ఫెల్ అనే సివిల్ ఇంజనీరు. చలికాలంలో గొట్టాలు గడ్డకట్టి పగలకుండా కుళాయిలు తెరిచే ఉంచుతారిక్కడ. అలా కారిపోతున్న నీరు చెట్టు నీడలో గడ్డకట్టి ఉండడం చూసి ఆయనకు తట్టిందట. 1987లో ఫుక్త్సే గ్రామంలో మొదటిది కట్టాడు. 2015లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ తరవాత సోనమ్ వాంగ్‌చుక్ అనే లదాఖీ ఇంజనీరు ఇదే ఆలోచనను నిలువుగా లేపాడు. పైనుంచి గొట్టంలో వచ్చే నీరు తన ఒత్తిడితో తానే పైకి చిమ్మి, గడ్డకట్టి, స్తూపంలా పెరుగుతుంది. శంకువు ఆకారం కాబట్టి లోపల ఎంతో నీరున్నా ఎండకు తగిలే ఒళ్లు తక్కువ. ఫ్యాంగ్ ఊళ్లో 2014-15 చలికాలంలో నిలబెట్టినది జూలై దాకా మిగిలిందట. ఫొటోల్లో స్తూపానిదే అందం, ఈ గోడలను ఎవరు ఫొటో తీస్తారు? నేను తీశాను. మూడు. ఇంటికొచ్చి చూపిస్తే మా మనవడు "తాతా, ఇవి పడిపోయిన గోడలా?" అన్నాడు.

జూన్ 6, 7, హెమిస్ శుక్పాచన్

లేహ్‌కు పడమర శామ్ ప్రాంతం. శుక్పా అంటే ఒక జాతి దేవదారు లాంటి చెట్టు, దాని ఆకు పొగ వేయనిదే ఇక్కడ పూజ లేదు. ఊరి చివర ఆ చెట్ల తోపు ఉంది, కొమ్మ విరవరు. ఒక ఇంట్లో దిగాం. మనిషికి రాత్రికి 1,500, రెండు పూటల భోజనంతో. ఇంటావిడను అమా-లే, అంటే అమ్మగారూ, అని పిలవమన్నారు. పిలిస్తే ఆవిడ మా ఆవిడను చూసి పడిపడి నవ్వింది, ఇద్దరిదీ ఒకే వయసు మరి.

మరుగుదొడ్డి మేడ మీద ఉంది, నీళ్లు లేవు. గది మధ్యలో కన్నం, మూలన మట్టి కుప్ప, ఒక పార. పని అయ్యాక ఒక పార మట్టి వేయాలి. కింద గదిలో ఎరువు తయారై ఏడాదికి చేను చేరుతుంది. వాసన లేదు, నిజంగానే లేదు. మా ఆవిడ మొదట మొహం మాడ్చుకున్నా రెండో రోజుకు "మన హోటల్ తొట్టి కన్నా ఇది నయం" అంది.

నేను చేసిన తప్పు ఇక్కడే. ఇంటి పైన ఊట ఉంది. బూట్లలో ఇసుక పడిందని, చల్లటి నీళ్లు కదా అని కాళ్లు కడుక్కోబోయాను. ఎక్కడినుంచో అమా-లే వాళ్ల అత్తగారు, వంగిపోయిన ముసలమ్మ, కర్ర ఎత్తుకుని వచ్చింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ తిట్టు ఏ భాషలోనైనా తిట్టే. ఊట పక్కన తెల్లసున్నం వేసిన చిన్న గూడు చూపించింది. అది లూబాంగ్, అంటే 'లూ' ఇల్లు. ఊటల్లో, నేల కింద ఉండే దేవతలు లూలు. నీరు మైలపడితే వాళ్లకు కోపం వస్తుంది, మనుషులకు కురుపులు లేస్తాయి, ఊట ఎండిపోతుంది. అమా-లే కొడుకు హిందీలో ఇంకో మాట చేర్చాడు. సంస్కృతంలో నాగులంటే వీళ్లేనట. నాగులు! నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇంట పుట్టినవాణ్ని, ఇక్కడి నాగుల ఇంటి గుమ్మంలో కాళ్లు కడగబోయాను. రెండు చేతులూ జోడించాను. ముసలమ్మ కర్ర దించింది. సాయంత్రం నా కప్పులో వెన్న టీ మాత్రం తగ్గనివ్వలేదు. రెండు గుక్కలు తాగితే మళ్లీ అంచు దాకా పోస్తుంది. వద్దంటే మర్యాద కాదు, తాగితే మళ్లీ పోస్తుంది. చివర్లో పోయించుకున్నది తాగకుండా వదిలేసి లేవాలని ఆలస్యంగా తెలిసింది. ఉప్పు, వెన్న వేసిన ఆ టీని చారనుకుని తాగితే బాగుంటుంది, టీ అనుకుంటే కష్టం.

రాత్రి స్క్యూ వండారు. గోధుమపిండిని బొటనవేలితో నొక్కి చిన్న గిన్నెల్లా చేసి, బంగాళదుంప, ముల్లంగితో ఉడికిస్తారు. పొద్దున ఖోలాక్ పెట్టారు. వేయించిన బార్లీ పిండి టీలో కలిపి, పిడికిట్లో పిసికి ముద్ద చేస్తారు. పిసికే తీరు చూసి నాకు నవ్వొచ్చింది. మా అమ్మ సంగటి ముద్ద చేసే చేయి అదే.

పొద్దున ఆరింటికి అమా-లే కొడుకుతో చేనికి వెళ్లాను. ఈ ఏడాది ఊరి ఛుర్పోన్ ఇతనే. ఛు అంటే నీరు, పోన్ అంటే అధికారి. అధికారి అంటే కుర్చీ, కళ్లద్దాలు ఊహించుకోవద్దు. పాత స్వెటరు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, భుజాన పార. కొన్ని ఊళ్లలో ఎన్నుకుంటారు, కొన్నింటిలో ఇంటికి ఒక ఏడాది చొప్పున తిరుగుతుంది. ఎవరికీ ఇష్టం లేని పని అన్నాడు. అందరూ తమకు తక్కువ పారిందంటారు, ఎక్కువ పారిందని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదట. మా తాత కూడా ఇదే మాట అనేవాడు.

వాగును టోక్పో అంటారు, దాని నుంచి తవ్విన కాలువ యూరా. కాలువ కొండ అంచును పట్టుకుని కన్ను పోల్చలేనంత వాలుతో వస్తుంది. విమానంలోంచి చూసిన గీత ఇదే. రాత్రంతా నీరు జింగ్‌లో నిండుతుంది, మన చిన్న కుంట అనుకోండి. పొద్దున దాని తూము తీస్తారు. ఆ తూముకు ఇనుప తలుపు, చక్రం ఏమీ లేవు. రాతికి తొలిచిన కన్నం, అందులో గుడ్డ చుట్టిన కర్ర. అతను కర్రను అటూ ఇటూ కదిపి లాగాడు. మొదట బుడగ శబ్దం, తరవాత నీరు గోధుమరంగులో, ముందు భాగాన ఎండుటాకులు, మేక పెంటికలు తోసుకుంటూ కాలువలో పాములా సాగింది. మేమిద్దరం దాని పక్కనే నడిచాం, నీటి వేగానికే.

చేని దగ్గర కాలువలో ఒక బండ, బండ చుట్టూ గడ్డి మట్టి పెళ్లలు. అతను పారతో రెండు పెళ్లలు తీసి ఇవతల పెట్టాడు, పాత కోటు ముక్క ఒకటి తడిపి సందులో కుక్కాడు. నీరు ఆగి, ఉబ్బి, పక్కకు తిరిగి మడిలోకి దిగింది. జానెడు బార్లీ పైరు. మడవ! నేను తెలుగులోనే అరిచాను. ఏమిటన్నట్టు చూశాడు. పార ఇమ్మని అడిగాను. పక్క మడికి మడవ కట్టమని ఇచ్చాడు. మట్టి పెళ్ల పెట్టాను, నీరు తోసేసింది. ఇంకోటి పెట్టాను, అదీ పోయింది. అతను వచ్చి పెళ్లను తిరగేసి, గడ్డి వేళ్లు నీటివైపు ఉండేలా పెట్టి బూటుతో ఒక్క నొక్కు నొక్కాడు. ఆగింది. బ్యాంకు ఉద్యోగం ఏం నేర్పుతుంది.

నీరు మడి చివరి గట్టును తాకగానే కట్టేయాలి. తాకాక నిలబడితే అది పక్కవాడి నీరు. గడియారం ఎవరూ చూడరు. నాలుగో మడి దగ్గర ఒకాయన వచ్చి గట్టిగా ఏదో అన్నాడు, ఇతనూ గట్టిగా అన్నాడు, ఇద్దరూ నా వైపు చూసి నవ్వారు. నా వల్ల ఆలస్యమైందని ఫిర్యాదు. నీళ్లు పారే చేను దాటితే గట్ల మీద విల్లో, పాప్లార్ చెట్లు, ఇంటి కప్పులకు దూలాలు అవే. ఆ తరవాత గొడ్ల మేతకు గడ్డి. అడుగు అవతల రాయి. ఇంత సన్నటి పేలికలో ఏది ఎక్కడ ఉండాలో ఎవరో కూర్చుని గీసినట్టుంటుంది.

జూన్ 9, త్సో కార్

టాక్సీ యూనియన్ రేటు చెప్పి మా ఆవిడను మళ్లీ బాధపెట్టను, దాదాపు 10 వేలు. ఉప్షీ దాటాక గ్యా వస్తుంది. 2014 ఆగస్టులో పైన హిమానీనదం కరిగి నిండిన సరస్సు తెగి ఈ ఊరి పొలాలు కొట్టుకుపోయాయి. తర్వాత టాగ్లాంగ్ లా కనుమ, 5,328 మీటర్లు. అక్కడ దిగి ఫొటో తీసుకునే ఓపిక మాకు లేదు, బండిలోనే జేబు రుమాలు మొహాన వేసుకుని కూర్చున్నాం.

కనుమ దిగితే చెట్టే లేని మైదానం. చేలు లేవు, కాలువలు లేవు. ఇక్కడ నేలను వాడే పద్ధతి వేరు. చాంగ్పా పశుపోషకులు పష్మినా మేకలు, గొర్రెలు, జడల బర్రెలతో కాలాన్నిబట్టి ఒక పచ్చిక నుంచి ఇంకో పచ్చికకు మారతారు. ఎవరి మంద ఎప్పుడు ఎక్కడ మేయాలో గోబా, అంటే ఊరిపెద్ద, చూస్తాడు. కింద నీటి వంతు, పైన గడ్డి వంతు. దారిలో పాంగ్ వైపు చెయ్యి చూపి, అక్కడ పెద్ద సౌర విద్యుత్ కేంద్రం వస్తుందట అన్నాడు డ్రైవరు. గాలిమరలతో కలిపి 13 గిగావాట్లది, నేనూ పత్రికల్లో చదివాను. మా కదిరి పక్కన ఎన్.పి.కుంటలోనూ పెద్ద సౌర విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడి గొర్రెల వాళ్లు ఇప్పుడు ఎటు తోలుతున్నారో నేను ఉద్యోగంలో ఉండగా ఎప్పుడూ అడగలేదు.

త్సో కార్ అంటే తెల్ల సరస్సు. అంచు పొడవునా ఉప్పు. వేలితో అద్ది నాలుక మీద వేసుకున్నాను, చేదు కలిసిన ఉప్పు. వెనకటికి ఇక్కడి ఉప్పు తవ్వి గొర్రెల మీద వేసుకుని అమ్మబోయేవారు. ఆశ్చర్యం ఏమిటంటే దక్షిణాన ఆనుకునే స్తర్త్సాపుక్ త్సో అనే మంచినీటి సరస్సు ఉంది. దాని నీరు ఇందులోకి దిగి, బయటికి దారిలేక, ఎండి ఉప్పవుతుంది. గుడ్లు పెట్టేందుకు నల్లమెడ కొంగలు మంచినీటి వైపే వస్తాయి. రెండింటిని చూశాం, చాలా దూరంగా. 2020లో ఈ రెండు సరస్సులనూ కలిపి రామ్‌సార్ జాబితాలో, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు.

జడల బర్రె వెంట్రుకలతో నేసిన నల్ల గుడారంలోకి ఒక పెద్దాయన పిలిచాడు. వెన్న టీ, ఎండిన జున్ను ముక్క. జున్ను పళ్లకు లొంగలేదు, దవడన పెట్టుకుని మాట్లాడాను. డ్రైవరు దుబాసీ. మీ ఊళ్లో పశువులెన్ని, గడ్డి ఎలా ఉంది అని అడిగాడు. గడ్డి లేదు, నీళ్లు లేవు అన్నాను. మరి ఎలా బతుకుతారు? నేల కింద నుంచి తోడుకుంటాం. ఎంత కింద? వెయ్యి అడుగులు.

డ్రైవరు ఆ అంకెను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. పెద్దాయన గుడారం తలుపు ఎత్తి సరస్సు అవతలి గుట్టను చూపించాడు. అంతా? నేను తలూపాను. ఆయన గుట్టను పైదాకా చూసి, తరవాత నా కాళ్ల కింద నేలను చూశాడు. లోపలున్న కోడలిని పిలిచి ఏదో చెప్పాడు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఏమన్నాడని డ్రైవరును అడిగితే చెప్పలేదు. తిరుగు దారిలో కనుమ ఎక్కుతుంటే మా ఆవిడ మళ్లీ అడిగింది. వాడు నవ్వాపుకుంటూ చెప్పాడు.

"ఈయన బ్యాంకువాడన్నావు కదా, ఒక సున్నా ఎక్కువ వేసుకుని ఉంటాడు అన్నాడు."